ప్లేటు చదవడం నేర్చుకోండి: పాత అమెరికన్ బ్లూస్, పల్లెపాటల 78 ఆర్‌పీఎం రికార్డులు సేకరించడానికి సమగ్ర మార్గదర్శి

ఏటికొప్పాక బొమ్మ మీద మెరిసే పూతా, 1930లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో అచ్చయిన చార్లీ పాటన్ అనే బ్లూస్ గాయకుడి ప్లేటూ దూరపు చుట్టాలు. రెండింటిలోనూ ఉన్నది లక్కే. మన దేశపు అడవుల్లో చెట్టు కొమ్మలకు పట్టే లక్క పురుగుల జిగురును శుద్ధి చేసి ఓడలకెక్కించేవారు. అక్కడ దాన్ని రాతి పొడితో, మసితో కలిపి, కాచి, అచ్చుల మధ్య నొక్కితే 10 అంగుళాల ప్లేటు తయారయ్యేది. ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది కాబట్టి సేకరించేవాళ్లు వీటిని ‘78లు’ అంటారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు గ్రామఫోన్ ప్లేటు అనేవారు. నేనూ ప్లేటు అనే అంటాను.

ఇక్కడ చెప్పేదంతా సుమారు 1920 నుంచి 1942 వరకు రికార్డయిన పాటల గురించి. నల్లజాతి గాయకుల బ్లూస్, చర్చి పాటలు, పాస్టర్ల ప్రసంగాలు. దక్షిణాది కొండల్లోని తెల్లవాళ్ల ఫిడేలు, బాంజో పాటలు. లూసియానాలో ఫ్రెంచి మాట్లాడే కేజన్ల సంగీతం. వలస వచ్చిన ఉక్రేనియన్, ఐరిష్ వాళ్ల పెళ్లి బాణీలు. అట్లాంటాలోనో డాలస్‌లోనో ఉన్న తెలుగువాళ్లకు ఇది మంచి వారాంతపు వేట. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో కూర్చుని చేయడం కష్టమే కానీ, చేయలేనిదేం కాదు.

ముందే ఒక సంగతి మనసులో పెట్టుకోండి. అరుదైన ప్లేటు వేరు, ఖరీదైన ప్లేటు వేరు. టామీ జాన్సన్ అనే బ్లూస్ గాయకుడు పారామౌంట్ కంపెనీకి పాడిన ఒక ప్లేటు 2013లో ఈబేలో 37,100 డాలర్లు పలికింది. అది అరుదు కాబట్టి మాత్రమే కాదు, దాన్ని కావాలనుకునే డబ్బున్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి. లోకంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలిన చర్చి బృందం ప్లేటు ఒకటి, అడిగేవాడు లేక, ఏ పాత సామాన్ల కొట్టులోనో భోజనం ఖర్చుకే దొరకొచ్చు. జీతం మీద బతికే సేకర్తకు చోటు అక్కడే. ఆ చోటు కనపడాలంటే డబ్బు కన్నా ముందు ప్లేటు చదవడం రావాలి.

మూడు నెలలు ఏమీ కొనకండి

ఇది చాలామంది వినని సలహా. నేనూ వినలేదు. మొదటి నెలలోనే ఒక ఎస్టేట్ సేల్‌లో (పోయినవాళ్ల ఇంటి సామాన్ల అమ్మకంలో) నలభై ప్లేట్ల పెట్టె కొని ఇంటికి మోసుకొచ్చాను. అందులో ఉన్నవన్నీ డ్యాన్స్ బ్యాండ్లు, ఆపెరా పాటలు, హవాయి గిటార్లు. పాతవైతే విలువైనవే అనుకున్నాను. వందేళ్లు నిండిన ప్లేట్లలో నూటికి తొంభై ఎవరికీ అక్కర్లేనివేనని అప్పుడు తెలిసింది.

ఈ మూడు నెలలు వినండి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖ వాళ్ల రికార్డింగుల డేటాబేస్ ఉచితం. ఏ పాట ఏ తేదీన, ఏ ఊళ్లో రికార్డయింది, ఏ నంబరుతో వచ్చింది అన్నీ అందులో వెతకొచ్చు, కొన్ని వినొచ్చు కూడా. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల నేషనల్ జ్యూక్‌బాక్స్‌లో ఇంకా పాత పాటలున్నాయి. 1952లో హ్యారీ స్మిత్ తన సొంత ప్లేట్లలోంచి 84 పాటలు ఏరి ఫోక్‌వేస్ సంస్థ ద్వారా తెచ్చిన సంకలనం ఇప్పటికీ మంచి గుమ్మమే. అందులో బ్లూస్, ఫిడేలు, చర్చి పాటలను రంగు చూసి విడదీయలేదు, పక్కపక్కన పెట్టాడు. పాడింది నల్లవాళ్లా తెల్లవాళ్లా అన్నది మొదటిసారి వింటే తరచూ పోల్చుకోలేం.

వింటూ వింటూ మీ చెవి ఎటు లాగుతుందో చూసుకోండి. బ్లూస్ అంటే అందరూ ఎగబడతారు కాబట్టి అక్కడ ధరలు మండిపోతుంటాయి. మీకు ఫిడేలో, నలుగురు కలిసి పాడే చర్చి పాటో నచ్చిందంటే మీ అదృష్టం, మీ జేబు అదృష్టం కూడా.

అరుదు ఎలా పుట్టిందో తెలుసుకోండి

ఈ చరిత్ర తెలియకపోతే ఏ ప్లేటు ముందు ఆగాలో తెలియదు. అందుకే కాస్త నెమ్మదిగా చెప్తాను.

1920 ఆగస్టు 10న మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని న్యూయార్క్‌లో ఓకే (OKeh) అనే రికార్డుల కంపెనీకి ఒక బ్లూస్ పాడింది. అది విపరీతంగా అమ్ముడైంది. నల్లవాళ్లు కూడా డబ్బు పెట్టి ప్లేట్లు కొంటారని కంపెనీలకు అప్పుడు తెలివొచ్చింది. అప్పటి నుంచి వాళ్ల కోసం ప్రత్యేకంగా ‘రేస్ రికార్డ్స్’ అనే వరసలు మొదలయ్యాయి. 1923లో అదే ఓకే కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అట్లాంటా వెళ్లి ఫిడ్లిన్ జాన్ కార్సన్ అనే ఫిడేలు వాద్యగాడిని రికార్డు చేశాడు. ఊళ్లో డీలరు అడిగాడని 500 ప్లేట్లు నొక్కి పంపితే ఇట్టే అయిపోయాయి. అలా తెల్లవాళ్ల పల్లెపాటలకూ ఒక వరస ఏర్పడింది. ఆ రికార్డింగు జరిగిన నాసౌ వీధి భవనాన్ని 2019లో కూల్చేశారు. అట్లాంటాలో మనవాళ్లు ఎన్నో వేలమంది ఉన్నారు, ఆ వీధి పక్క నుంచే వెళ్తుంటారు కూడా, కానీ ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

1925లో మైకుతో, విద్యుత్తుతో రికార్డు చేసే పద్ధతి వచ్చింది. అంతకు ముందు గాయకుడు పెద్ద కొమ్ముబూర లాంటి గొట్టంలోకి అరవాల్సి వచ్చేది. మైకు వచ్చాక కంపెనీలు పరికరాలు మోసుకుని దక్షిణాది ఊళ్లకు బయల్దేరాయి. 1927 జూలై ఆఖరులో, ఆగస్టు మొదట్లో బ్రిస్టల్ అనే ఊళ్లో విక్టర్ కంపెనీ కోసం అదే రాల్ఫ్ పీర్ పెట్టిన శిబిరంలో, తర్వాత పల్లెపాటల్లో పెద్ద పేర్లయిన కార్టర్ కుటుంబం, జిమ్మీ రోడ్జర్స్ ఇద్దరూ దొరికారు. 1926 నుంచి 1930 వరకు ఆ నాలుగైదేళ్లలో ఎంత సంగీతం రికార్డయిందో!

ఆ తర్వాత దెబ్బ పడింది. 1929లో ఆర్థిక మాంద్యం. 1927లో 10 కోట్లు దాటిన ప్లేట్ల అమ్మకాలు 1932కి 60 లక్షల దరిదాపులకు జారిపోయాయని సాధారణంగా చెప్పే లెక్క. అప్పుడు మంచి కంపెనీ ప్లేటు 75 సెంట్లు. పత్తి చేలో కూలి చేసుకునేవాడు అది ఎక్కడ కొంటాడు? రికార్డింగులు మాత్రం కొంతకాలం సాగాయి, అమ్ముడయ్యేది కొన్ని వందలే. అందుకే ఒక సూత్రం గుర్తుంచుకోండి: 1930 చివర నుంచి 1933 వరకు వచ్చిన ప్లేటు ఎవరిదైనా ఆగి చూడండి. జిమ్మీ రోడ్జర్స్ 1928 ప్లేట్లు ప్రతి పాత సామాన్ల కొట్టులోనూ ఉంటాయి. అదే మనిషి 1932, 33లలో పాడినవి మాత్రం వెతికి వెతికి అలసిపోతాం. గాయకుడి పేరు కాదు, ఏడాది చూడాలి.

చివరి దెబ్బ యుద్ధం. 1942లో లక్క మీద అమెరికా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది, ప్లేట్ల తయారీకి వాడే లక్కను 70 శాతం తగ్గించమంది. లక్క వచ్చేది మన వైపు నుంచి, సముద్రంలో యుద్ధం, పైగా సైన్యానికీ అది కావాలి. కొత్త ప్లేటు కావాలంటే పాత ప్లేటు తెచ్చి ఇవ్వమనేవారు దుకాణాల్లో. అలా వచ్చిన పాతవాటిని పొడి చేసి మళ్లీ కరిగించారు. ఎన్ని బ్లూస్ ప్లేట్లు అలా పోయాయో లెక్క లేదు.

ఇక పారామౌంట్. ఈ లోకంలో అందరూ కలవరించే పేరు. దాన్ని నడిపింది విస్కాన్సిన్‌లో కుర్చీలు చేసే కంపెనీ. గ్రామఫోన్లకు చెక్క పెట్టెలు చేసి అమ్ముతూ, ఆ పెట్టెలు పోవాలంటే ప్లేట్లు కూడా ఉండాలని ఈ వ్యాపారంలోకి దిగింది. ఎంత చవగ్గా చేయొచ్చో అంత చవగ్గా చేశారు, అందుకే కొత్తప్పుడే గరగరలాడేవి. కానీ బ్లైండ్ లెమన్ జెఫర్సన్, మా రేనీ, బ్లైండ్ బ్లేక్, చార్లీ పాటన్, సన్ హౌస్, స్కిప్ జేమ్స్, అందరూ వీళ్ల దగ్గరే పాడారు. 1932లో రికార్డింగులు ఆగిపోయాయి. లోహపు మూల అచ్చులు తుక్కు కింద పోయాయి. దాంతో చాలా పాటలకు ఇప్పుడు మిగిలిన ఏకైక ఆధారం ఎవరి ఇంట్లోనో అరిగిపోయిన ఒకటి రెండు ప్లేట్లు.

ప్లేటు చదవడం

ఈ పనికి గుండెకాయ లాంటిది ఇదే. చేతిలోకి ప్లేటు రాగానే పాట పేరు చూడకండి. ఈ వరసలో చూడండి.

మొదట కంపెనీ పేరు, ఆ తర్వాత నంబరు. నంబరే జాతకం. కొలంబియాలో 14000-డి వరస నల్లవాళ్ల పాటలు, 15000-డి వరస పాత పల్లెపాటలు. ఓకేలో 8000 వరస రేస్ రికార్డులు, 45000 వరస పల్లెపాటలు. పారామౌంట్‌లో 12000 నుంచి 13000 దాటేదాకా రేస్ వరస. విక్టర్‌లో 1929 ప్రాంతంలో వి-38500 బ్లూస్ వైపు, వి-40000 పల్లెపాటల వైపు. ఆ తర్వాత మాంద్యం నాటి 23000ల నంబర్లు. వొకేలియన్‌లో 1000, 5000 వరసలు. బ్రన్స్‌విక్‌లో 7000 రేస్. డెక్కా 1934లో మొదలై 7000 వరస బ్లూస్‌కు, 5000 వరస పల్లెపాటలకు పెట్టింది. ఇవి ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. ఆర్నెల్లకు చీటీ అక్కర్లేదు. వంద ప్లేట్ల దొంతర వేళ్లతో తిప్పుతుంటే కన్ను దానంతట అదే సరైన నంబరు దగ్గర ఆగుతుంది.

తర్వాత లేబుల్ చుట్టూ గాడి లేని నున్నటి భాగం చూడండి. అక్కడ చెక్కి ఉన్న అంకెలు మాట్రిక్స్ నంబరు. ఇది రికార్డింగుది, అమ్మకానిది కాదు. ఒకే రికార్డింగు మూడు నాలుగు కంపెనీల పేర్ల మీద వస్తే లేబుల్ నంబర్లు మారతాయి, ఇది సాధారణంగా మారదు. చివర ఉన్న అంకె టేక్ నంబరు, అంటే ఎన్నోసారి పాడింది అన్నమాట. అదే పాట రెండో టేకు దొరికితే కొందరు సేకర్తలు ఎగిరి గంతేస్తారు. విక్టర్ ప్లేట్లలో అండాకారపు గీత లోపల వీఈ (VE) అనే అక్షరాలుంటే మైకుతో రికార్డు చేసినట్టు.

మూడోది పేర్ల మాయ. ఒకే గాయకుడు కాంట్రాక్టు తప్పించుకోవడానికి వేరే కంపెనీకి వేరే పేరుతో పాడేవాడు. బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ విక్టర్‌కు సొంత పేరుతో, కొలంబియాకు బ్లైండ్ సామీగా, ఓకేకు జార్జియా బిల్‌గా, 1932లో మళ్లీ విక్టర్‌కే హాట్ షాట్ విల్లీగా పాడాడు. చార్లీ పాటన్ ప్లేటును పారామౌంట్ ‘మాస్క్‌డ్ మార్వెల్’ అనే ముసుగు పేరుతో విడుదల చేసి, పాడిందెవరో కనిపెట్టినవాళ్లకు ఒక ప్లేటు ఉచితమంది. అతని చర్చి పాటలు ఎల్డర్ జె. జె. హాడ్లీ పేరు మీద వచ్చాయి. ఇండియానాలోని రిచ్‌మండ్‌లో జెనెట్ కంపెనీ తన రికార్డింగులనే ఛాంపియన్, సుపీరియర్ లాంటి చవక పేర్ల మీద, సియర్స్ అనే పెద్ద దుకాణాల కంపెనీ కోసం సూపర్‌టోన్ పేరు మీద, గాయకుల పేర్లు మార్చి అమ్మింది. అమ్మేవాడికి ఈ మారుపేర్లు తెలియవు. మీకు తెలిస్తే ఆ తేడాయే మీ లాభం. నల్లవాళ్ల పాటలకు 1890 నుంచి 1943 వరకు ఒక పెద్ద డిస్కోగ్రఫీ (రికార్డింగుల జాబితా), పల్లెపాటలకు టోనీ రస్సెల్ తయారు చేసిన 1921–1942 డిస్కోగ్రఫీ ఉన్నాయి. గ్రంథాలయంలో దొరికితే ఒక ఆదివారమంతా కూర్చోండి. వాటిని చదవడమంటే టెలిఫోన్ డైరెక్టరీ చదవడమే, కానీ రుచి మరిగితే వదలరు.

ఒక హెచ్చరిక. పారామౌంట్ పేరు కనపడగానే గుండె ఆగనక్కర్లేదు. ఆ పేరు హక్కులు కొన్నవాళ్లు 1940లలో పాత పాటలు మళ్లీ నొక్కి అమ్మారు. పైగా పారామౌంట్‌కు 12000 వరస కాకుండా డ్యాన్స్ బ్యాండ్ల వరసలూ ఉన్నాయి. ఇక పావు అంగుళం మందాన బరువైన ప్లేటు కనపడితే అది ఎడిసన్ డైమండ్ డిస్క్. దాని గాడి పక్కలకు కాదు, పైకీ కిందికీ ఊగుతుంది. మామూలు గ్రామఫోన్ ముల్లు పెడితే పాడైపోతుంది.

మొదట ఏవి కొనాలి

బాగా అమ్ముడైనవే కొనండి. ఇది వింతగా ఉంటుందని తెలుసు, కానీ అరుదైన ప్లేటును చేతిలో పెట్టుకుని నేర్చుకోకూడదు. ఛార్లీ పూల్ అనే నార్త్ కరోలినా మిల్లు కార్మికుడు 1925లో పాడిన కొలంబియా 15038-డి అప్పట్లోనే లక్షకు పైగా అమ్ముడైంది, ఇప్పటికీ తక్కువ ధరకు దొరుకుతుంది. వింటే మాత్రం ఒళ్లు పులకరిస్తుంది. బెస్సీ స్మిత్ కొలంబియా ప్లేట్లు, స్కిల్లెట్ లికర్స్ అనే బృందం ఫిడేలు పాటలు, కార్టర్ కుటుంబపు బ్లూబర్డ్ (విక్టర్ వాళ్ల చవక లేబుల్) ప్లేట్లు అన్నీ ఇలాంటివే. అట్లాంటా పాస్టర్ జె. ఎం. గేట్స్ 1926 నుంచి 1941 దాకా 200 పైచిలుకు ప్రసంగాలు రికార్డు చేశాడు, అవి చాలా చవక. ఆయన మొదలుపెడితే వెనక సంఘమంతా గొంతు కలుపుతుంది. మన బుర్రకథలో వంత పాడేవాళ్లు గుర్తొస్తారు నాకు.

విక్టర్ 19427 ఎదురైతే నవ్వుకుని ముందుకెళ్లండి. వెర్నన్ డాల్‌హార్ట్ 1924లో పాడిన ఆ ప్లేటు పది లక్షలకు పైగా పోయింది. అమెరికాలో ప్రతి అటక మీదా ఒకటుందేమో అనిపిస్తుంది.

వెతికే చోట్లు

ఎస్టేట్ సేళ్లు, ఫ్లీ మార్కెట్లు, పాత సామాన్ల మాల్స్, చర్చి అమ్మకాలు. తెల్లారకముందే వెళ్లాలి. ప్లేట్లు ఎప్పుడూ బల్లల కింద, అట్టపెట్టెల్లో, తడి నేల మీద ఉంటాయి, కాబట్టి మోకాళ్ల మీద కూర్చోవడానికి సిద్ధపడండి. దక్షిణాది రాష్ట్రాల చిన్న ఊళ్లు మేలు. ఉత్తరాన చికాగో, డెట్రాయిట్ వైపు కూడా వదలొద్దు. దక్షిణం నుంచి పనుల కోసం వెళ్లిన నల్లజాతి కుటుంబాలు ప్లేట్లు వెంట తీసుకెళ్లాయి.

ఇంటింటికీ తిరిగే పద్ధతి ఒకప్పుడు నడిచింది. మేరీల్యాండ్‌కు చెందిన జో బస్సార్డ్ కారేసుకుని కొండ ఊళ్లన్నీ తిరిగి వేల ప్లేట్లు కూడబెట్టాడు, 2022లో చనిపోయేదాకా వచ్చినవాళ్లందరికీ వినిపిస్తూనే ఉన్నాడు. మిసిసిపీలో గేల్ డీన్ వార్డ్‌లో అనే సేకర్త చీడపురుగుల మందు కొట్టే ఉద్యోగం చేస్తూ, ఇళ్లలోకి వెళ్లినప్పుడల్లా “పాత ప్లేట్లున్నాయా?” అని అడిగేవాడు. ఈ కథలు వినడానికి బాగుంటాయి. కానీ ఆ రోజుల్లో తెల్ల కుర్రాళ్లు నల్లవాళ్ల వసారాల్లో నిలబడి పాతిక సెంట్లకు కొన్న ప్లేట్లు తర్వాత వేల డాలర్లయ్యాయి, ఇచ్చిన కుటుంబాలకు ఒక్క సెంటు రాలేదు. కాబట్టి ఎవరైనా ముసలమ్మ మీకు నేరుగా ప్లేట్లు అమ్మితే, అందులో విలువైనది ఉందని మీకు తెలిస్తే, ఆ మాట ఆమెకు చెప్పండి. వ్యాపారి దగ్గర బేరమాడటం వేరు, ఇది వేరు.

ఇక ఆన్‌లైన్ వేలాలు, సేకర్తలు నడిపే జాబితా వేలాలు. జాబితా వేలంలో మీరు ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తం రాసి పంపి, ముగింపు తేదీ దాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి. భలే టెన్షన్. ముందే ఒక అంకె కాగితం మీద రాసుకుని దాన్ని దాటకండి. ఈ పిచ్చిలో రాత్రి పదకొండు దాటాక వేసిన బిడ్డుకు పొద్దున్నే పశ్చాత్తాపం ఖాయం.

స్థితిని కొలవడం

78ల వాళ్లు వాడే కొలత వేరు. పైనుంచి కిందికి: ఎన్ (N), ఈ (E), వీ (V), జీ (G), ఎఫ్ (F), పీ (P). మధ్యలో ప్లస్సులు, మైనస్సులు. ఎన్ అంటే ముల్లు తగలనిది, దాదాపు కనపడదు. ఈ ప్లస్ (E+) చాలా మంచిది. వీ అంటే అరిగింది కానీ పాట గరగర పైన నిలబడుతుంది. జీ అంటే గుడ్ అనుకుని మోసపోకండి, అది వినడానికి ఓపిక కావాల్సిన స్థితి. తర్వాత వచ్చిన వినైల్ ఎల్‌పీల కొలతతో పోల్చొద్దు.

చేతిలో ఉన్నప్పుడు అంచులు పట్టుకుని, దీపం కింద ఏటవాలుగా తిప్పండి. గాడులు నల్లగా మెరిస్తే సంతోషం. బూడిద రంగు తేలితే ఇనప ముల్లు తినేసిందని అర్థం. పాట గట్టిగా ఉన్న చోట, ముఖ్యంగా లోపలి గాడుల్లో బూడిద ముందు కనిపిస్తుంది. తర్వాత పగుళ్లు. కంటికి కనపడని పగులు చెవికి దొరుకుతుంది: ప్లేటును మధ్య రంధ్రంలో వేలితో నిలబెట్టి అంచు మీద మెల్లగా తడితే బాగున్నది గణగణమంటుంది, పగిలింది బొంగురుగా మోగుతుంది. మట్టికుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు చేసిన పరీక్షే. అంచు పెచ్చు గాడిలోకి వెళ్లకపోతే ఫర్వాలేదు. కొలంబియా ప్లేట్లు, 1926 ఆఖర్లో కొలంబియా చేతిలోకి వెళ్లాక వచ్చిన ఓకే ప్లేట్లు పొరలు పొరలుగా అతికించినవి. వాటి పై పొర మాత్రమే చిట్లడం సాధారణం, దాన్ని చూసి పారిపోకండి, చాలాసార్లు పాటలో అది వినపడనే వినపడదు.

నా సొంత అభిప్రాయం: తరచూ దొరికే ప్లేటు వీ ప్లస్ కన్నా తక్కువుంటే వద్దు. లోకంలో పదిలోపు కాపీలే మిగిలిన ప్లేటు పెచ్చులూడి ఉన్నా కళ్లకద్దుకుని తీసుకోండి.

పోస్టులో తెప్పించుకోవడం

లక్క ప్లేటు అప్పడంలా విరుగుతుంది. అమ్మేవాడికి ముందే రాయండి: ప్లేటు తన కవరులో ఉండాలి, దానికి రెండు పక్కలా ప్లేటు కంటే పెద్ద గట్టి అట్టలు, ఆ శాండ్‌విచ్‌ను కదలకుండా టేపుతో బిగించి, మెత్తటి సరుకు నింపిన పెట్టెలో మధ్యలో తేలేటట్టు పెట్టాలి. ఎల్‌పీ కవర్లో పంపేవాళ్లుంటారు. అలా ఒకసారి నాకు మూడు ముక్కల ఫిడేలు ప్లేటు వచ్చింది. డబ్బు తిరిగొచ్చింది, పాట రాలేదు. చలికాలంలో పెట్టె వచ్చిన వెంటనే విప్పకండి, ఇంటి వేడికి సర్దుకోనివ్వండి.

ఇండియాకైతే పోస్టు ఖర్చు, కస్టమ్స్ కలిపి ప్లేటు ధర దాటిపోవచ్చు. వచ్చే చుట్టాల చేతి సంచీలో రెండో మూడో పెట్టించడమే ఉత్తమం. పెద్ద సూట్‌కేసులో మాత్రం వద్దు.

కడగడం

స్పిరిట్, ఆల్కహాల్ ఏ రూపంలోనూ వద్దు. లక్క అందులో కరిగిపోతుంది. చెక్క సామాన్లకు పూసే లక్క పాలిష్ అలాగే చేస్తారు మరి. ఎల్‌పీలు కడిగే ద్రవాల్లో ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీద చదవండి. నేను ఒక మంచి బ్లూబర్డ్ ప్లేటును గాయాలకు పూసే స్పిరిట్‌తో తుడిచి, గాడులు జిగటగా మారుతుంటే చూస్తూ నిలబడ్డాను.

డిస్టిల్డ్ నీళ్లలో రెండు చుక్కల మెత్తటి డిష్ సబ్బు, మెత్తటి బ్రష్షు, గాడి వెంబడి గుండ్రంగా రుద్దడం, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ నీళ్లు, మెత్తటి గుడ్డ. లేబుల్ మీద నీళ్లు పడకుండా చెయ్యి అడ్డం పెట్టండి. పగులున్న ప్లేటును నానబెట్టకండి. ఎడిసన్ డిస్కులకు నీళ్లే తగలకూడదు. కడిగినప్పుడు నీళ్లు నల్లగా కారితే కంగారు పడకండి, అది 90 ఏళ్ల బొగ్గు పొయ్యి మసి.

వాయించడం

తాతల నాటి చావి గ్రామఫోన్‌లో అరుదైన ప్లేటు పెట్టకండి. దాని సౌండ్‌బాక్సు బరువు, ఇనప ముల్లు కలిసి ప్రతిసారీ కొంత పాట చెక్కేస్తాయి. సరదాకైతే పెచ్చులూడిన డ్యాన్స్ ప్లేటు పెట్టుకోండి, ప్రతి వైపుకూ కొత్త ముల్లు మార్చండి.

సరైన దారి 78 వేగం ఉన్న నేటి టర్న్‌టేబుల్. అన్నింటికన్నా ముఖ్యం ముల్లు. ఎల్‌పీ ముల్లు కొన సుమారు 18 మైక్రాన్లు, 78 గాడికి కావాల్సింది దాదాపు 76. సన్న ముల్లు పెడితే అది గాడి అడుగున ఉన్న చెత్తలో దొర్లుతూ బుసలు కొడుతుంది. ఆడియో టెక్నికా, ఆర్టోఫాన్ కంపెనీలు 78ల కోసమే ముళ్లు చేస్తున్నాయి. వాళ్లు చెప్పిన బరువే పెట్టండి.

తర్వాత మోనో. ఈ ప్లేట్లలో పాట గాడి అటూ ఇటూ ఊగడంలోనే ఉంది. స్టీరియోలో రెండు ఛానళ్లను కలిపేస్తే పైకీ కిందికీ ఎగిరే రొద చాలావరకు రద్దయిపోతుంది. పైసా ఖర్చు లేని మెరుగుదల ఇది. ఇప్పటి ఆంప్లిఫయర్లు ఎల్‌పీల కోసం పెట్టిన రియా (RIAA) అనే బాస్, ట్రెబుల్ సర్దుబాటు 78లకు సరిపోదు, పాట దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది. కంప్యూటర్‌లోకి తీసుకుని ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సరిచేసుకోవచ్చు. వేగం కూడా నమ్మకండి. 78 అని రాసినా 76 నుంచి 80 పైదాకా ఏదైనా కావచ్చు, గొంతు సహజంగా వచ్చేదాకా జరపండి. రొద తీసే బటన్ మీద చెయ్యి తేలిగ్గా వేయండి. అతిగా తీస్తే గరగరతో పాటు ఫిడేలు కమాను రాపిడి కూడా పోతుంది.

దాచడం, పంచుకోవడం

నిలువుగా, ఒరగకుండా, ఆమ్లం లేని కాగితపు కవర్లలో. వంద ప్లేట్లు 20 కిలోలు దాటుతాయి, అరను బట్టి లెక్క చూసుకోండి. ఎండలో నిలిపిన కారులో గంట వదిలేస్తే డాలస్‌లోనైనా విజయవాడలోనైనా ప్లేటు వంకర తిరుగుతుంది. తేమకు గాడుల్లో బూజు పడుతుంది.

ప్రతి ప్లేటుకూ ఒక పుస్తకంలో కంపెనీ, నంబరు, మాట్రిక్స్, టేకు, స్థితి, ఎక్కడ ఎంతకు కొన్నారు రాయండి. పాటను డిజిటల్‌గా తీసి ఉంచుకోండి. అమెరికాలో 2018లో వచ్చిన చట్టం ప్రకారం 1923కు ముందు విడుదలైన రికార్డింగులు 2022 జనవరి 1న అందరివీ అయ్యాయి, 1923వి 2024లో, 1924వి 2025లో, 1925వి 2026లో. వాటిని స్వేచ్ఛగా పంచుకోవచ్చు. తర్వాతి ఏళ్లవి వంతు వచ్చేదాకా ఆగాలి.

సన్ హౌస్ 1930లో పాడిన పారామౌంట్ 13096 ఒక్క కాపీ కూడా లేదని దశాబ్దాల పాటు అనుకున్నారు. ఒకటి బయటపడింది, 2006లో అందరూ విన్నారు. అతనితోపాటే అప్పుడు స్టూడియోకు వెళ్లిన విల్లీ బ్రౌన్ ప్లేటు మాత్రం ఇంకా ఎవరి కంటా పడలేదు. మీ చీటీలో చివరి గీత కింద ఆ నంబరు కూడా రాసుకోండి: పారామౌంట్ 13099.